పంతొమ్మిదో నంబరు ఇంటి మెట్టు

ఆస్ట్రేలియాలో పెర్త్ నగరంలో కానింగ్ వేల్ అని ఒక పేట. అక్కడ పెద్దరోడ్డు మీద బస్సు దిగి లోపలికి నడిస్తే, రెండో వీధిలో పంతొమ్మిదో నంబరు ఇల్లు వస్తుంది. ఇటుకరంగు గోడలు, ఎప్పుడూ మూసి ఉండే కర్టెన్లు, ముందు చిన్న వసారా, ఆ వసారాకి ఒకే ఒక్క మెట్టు. పగలు చూస్తే పక్కిళ్ళకీ దానికీ తేడా ఏమీ కనబడదు.

పొద్దుగూకాకే... ఆ ఇంటికి పేరు మంచిది కాదు.

అందులో ఒక తెలుగాయన గుండె ఆగి పోయాడట. ఆ తర్వాత ఆయన భార్యని చూసినవాళ్ళు లేరు. కారు లేదు, చెత్తడబ్బా బయటికి రాదు, మనిషి అలికిడి లేదు. అయినా చీకటి పడేసరికి వసారాలో లైటు వెలుగుతుంది. ఒక్కోరోజు ఆరింటికి, ఒక్కోరోజు ఏడింటికి... ఎవరో లోపల్నుంచి లేచి వచ్చి వేసినట్టు.

అంతవరకైతే ఎవరూ పట్టించుకోకపోదురు. కానీ అఖిల్ సంగతి ఉంది కదా!

అఖిల్ కరీంనగర్ కుర్రాడు. పగలు యూనికి, అంటే యూనివర్సిటీకి, వెళ్ళి, సాయంత్రాలు స్కూటర్ మీద భోజనాలు డెలివరీ చేస్తుంటాడు. ఒకరోజు ఫోన్లో ఎవరితోనో తెలుగులో మాట్లాడుకుంటూ, నంబరు పొరబడి, ఆ ఇంటి గుమ్మం ముందు పొట్లం పెట్టబోయాడు. అప్పుడు — తలుపు తెరుచుకోకుండానే — ఒక ఆడగొంతు...

"ఇక్కడ కాదు నాన్నా. ఎదురుగా చూడు."

తెలుగులో!

అఖిల్ చుట్టూ చూశాడు. తలుపుకి కనీసం కాలింగ్ బెల్లు కూడా లేదు. పొట్లం అక్కడే పడేసి స్కూటర్ ఎక్కాడు. ఆ రాత్రే ఈ కథ పేటలో ఉన్న తెలుగు స్టూడెంట్లందరి ఫోన్లలోకీ వెళ్ళిపోయింది. ఆనాటి నుంచి ఆ వీధిలో నడిచేవాళ్ళు పంతొమ్మిది దగ్గరికి రాగానే అవతలి పక్కకి దాటేవాళ్ళు.

బిందుమాధవి కూడా దాటేది.

బిందుది తుని. కెమిస్ట్రీలో మాస్టర్స్ చదువుతోంది, ఆఖరి సెమిస్టరు. ఆ వీధి చివర అద్దె ఇంట్లో అఖిల్‌తో కలిపి నలుగురు ఉండేవాళ్ళు. ఉండటం అంటే పేరుకే. ఒకరు వచ్చే వేళకి ఒకరు డ్యూటీకి వెళ్ళిపోయేవారు. "పాలు అయిపోయాయి", "గీజరు ఆపండి" అని ఫ్రిజ్ మీద అంటించిన చీటీలే ఆ ఇంట్లో మాటలు. వారం రోజులు తన గొంతు తనకే వినబడని వారాలు కూడా ఉన్నాయి బిందుకి.

నవంబరుకి చదువు అయిపోతుంది. ఈలోగా ఉద్యోగం చూసుకోవాలి. అరవై చోట్లకి పైగా దరఖాస్తు పెట్టింది. సగం మంది జవాబే ఇవ్వలేదు. ఇచ్చినవాళ్ళు "అన్‌ఫార్చునేట్‌లీ" అని మొదలుపెట్టేవారు. ఆ మాట కనబడగానే మిగతాది చదవకుండా ఫోను తిప్పి పెట్టడం అలవాటైపోయింది.

అన్నిటికంటే ఆమెని కుంగదీసింది వీడియో ఇంటర్వ్యూలు. ఎదురుగా మనిషి ఉండడు. స్క్రీన్ మీద ఒక ప్రశ్న వస్తుంది, పక్కన రెండు నిమిషాల గడియారం తిరుగుతుంది, కింద తన మొహమే తనని చూస్తూ ఉంటుంది. నవ్వాలి. ఎవరిని చూసి నవ్వాలి?

జూలైలో ఒక సాయంత్రం. యూనిలో అలాంటి ఇంటర్వ్యూ ఒకటి ఇచ్చి, మధ్యలో మాట తడబడి, ఆగిపోయి, గడియారం సున్నాకి వచ్చేదాకా తన మొహం తనే చూస్తూ కూర్చుంది. అక్కడి నుంచి బస్సెక్కి వచ్చింది. దిగేసరికి ఆరున్నర. అప్పటికే చిమ్మచీకటి. రెండో వీధి మలుపు తిరుగుతుండగా వాన దంచుకుంది — పెర్త్ చలికాలపు వాన, గాలితో పాటు ఏటవాలుగా మొహం మీద కొట్టే వాన.

ఫోన్ మోగింది. అమ్మ. తీయలేదు. తీస్తే ఇంటర్వ్యూ ఎలా జరిగిందని అడుగుతుంది. బాగా జరిగిందని చెప్పాలి.

అప్పుడే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏ ఇల్లో కూడా చూడలేదు. కనబడిన మెట్టు మీద కూలబడింది. మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది... చాలాసేపు ఏడ్చింది. వాన చప్పుడులో ఎవరికీ వినబడదులే అనుకుంది.

ఉన్నట్టుండి, తల మీద లైటు వెలిగింది.

బిందు తలెత్తింది. తలుపు మీద నంబరు చూసింది. ఒకటి... తొమ్మిది.

లేవాలి. కాళ్ళు లేవడం లేదు.

"ఎందుకమ్మా ఏడుస్తున్నావు?"

గుసగుసలా ఉంది గొంతు. ఎక్కడి నుంచో తెలియడం లేదు... తలుపులోంచి కాదు, పక్క నుంచి కాదు... పైనుంచి.

"తడిసిపోతున్నావు. లోపలికి వచ్చి కూర్చో."

టక్.

గడియ జారిన చప్పుడు. ఎవరూ ముట్టుకోలేదు. తలుపు తనంతట తనే జానెడు లోపలికి తెరుచుకుంది. ఆ సందులో చీకటి... ఎన్నో నెలలుగా మూసిపెట్టిన ఇంటి వాసన.

బిందు అరిచిందో లేదో ఆమెకే తెలియదు. ఎలా పరుగెత్తిందో గుర్తులేదు. గదిలోకి వచ్చి దుప్పటి కప్పుకున్నాక, అప్పుడు తెలిసింది —

బ్యాగు ఆ మెట్టు మీదే ఉండిపోయింది. లాప్‌టాప్, పాస్‌పోర్టు, అన్నీ అందులోనే.

తెల్లవార్లూ నిద్రలేదు. ఇంట్లో ఎవరికైనా చెబుదామంటే ఎవరూ లేరు. పొద్దున్న ఎనిమిదింటికి, ఎండ బాగా వచ్చాక, గుండె చిక్కబట్టుకుని వెళ్ళింది. బ్యాగు మెట్టు మీదే ఉంది. తలుపు మళ్ళీ మూసి ఉంది. ఒంగి, చెయ్యి చాపి, బ్యాగు పట్టీ అందుకుంది.

"పరుగెత్తకమ్మా... ఒక్క నిమిషం. నేను మనిషినే. నా పేరు లీల."

ఈసారి గొంతు పగటి గొంతులా ఉంది. అలసిపోయిన గొంతు.

"లైటు వెనకాల, చూరులోకి చూడు. నల్లగా బొత్తాం లాంటిది ఉంది చూశావా? అది కెమెరా. అందులోనే మైకూ, స్పీకరూ. మా ఆయన బిగించాడు, ఎడమచేతివాటం మనిషి. లైటూ, తాళం కూడా నా ఫోన్లోంచే తీస్తాను. రాత్రి నిన్ను భయపెట్టాను. బుద్ధి లేకపోయింది నాకు."

బిందు చూసింది. నిజమే. వేలిగోరంత గాజుకన్ను.

"మీరు... ఎక్కడున్నారు ఆంటీ?"

"ఉత్తరాన. వెయ్యి కిలోమీటర్ల పైన. ఇనుప గని దగ్గర ల్యాబులో కెమిస్టుని. కంపెనీ క్యాంపులో ఉంటాను."

రెండు వారాలు పని, ఒక వారం సెలవు. సెలవు వారంలో అందరూ విమానం ఎక్కి ఇళ్ళకి వెళ్ళిపోతారు. లీల వెళ్ళదు. దగ్గర్లో ఉన్న ఊళ్ళో ఒక గది తీసుకుని ఆ వారం గడుపుతుంది. భర్త ఆనందరావు పోయి ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా ఆ గుమ్మం తొక్కలేదు.

"తాళం తీస్తే లోపల ఎవరూ ఉండరు కదా," అంది. "అందుకని రాలేను. కానీ చూడకుండానూ ఉండలేను. సాయంత్రం షిఫ్టు దిగాక ఫోను తీసి లైటు వేసి నా గుమ్మం నేను చూసుకుంటూ కూర్చుంటాను. నువ్వు రోజూ అటు నడిచి వెళ్తావు కదూ? మా ఇంటి దగ్గరికి రాగానే అవతలి పక్కకి దాటుతావు."

బిందు సిగ్గుపడి, ఆ ఇంటి గురించి ఏమనుకుంటున్నారో మొత్తం చెప్పేసింది. అవతల సన్నగా నవ్వు వినబడింది.

"అయితే ఆ ఇంటి దెయ్యాన్ని నేనేనన్నమాట."

ఆ పొద్దున్న బిందుకి బస్సు తప్పిపోయింది. ఎందుకు ఏడ్చిందో చెప్పింది. కెమెరా ముందు మాట రాదని చెప్పింది. లీల విని, "నేనూ కెమెరాలోనే ఉన్నానుగా. ఇప్పుడు వచ్చిందిగా మాట?" అంది.

అలా మొదలైంది.

రోజూ బస్సు దిగి బిందు ఆ మెట్టు మీద కూర్చునేది. లోపలికి వెళ్ళమని లీల తాళం తీసేది గాని, బిందు వెళ్ళేది కాదు. ఇంటావిడే అడుగు పెట్టని ఇంట్లోకి తను వెళ్ళడం బాగుండదనిపించేది. ఒళ్ళో కాగితాలు పెట్టుకుని, జాకెట్ టోపీ తల మీదకి లాక్కుని, చూరులోకి చూస్తూ, ఇంటర్వ్యూలో చెప్పినట్టే ఇంగ్లీషులో జవాబులు చెప్పేది. లీల ప్రశ్నలు మెత్తగా ఉండేవి కావు.

"రిపోర్టు పంపేశావు. మర్నాడు చూస్తే అంకె తప్పు. నీకు తప్ప ఎవరికీ తెలీదు. ఏం చేస్తావు?"

"టీమ్‌తో డిస్కస్ చేసి, సొల్యూషన్-ఓరియెంటెడ్‌గా..."

"ఎక్కడో చదివింది చెప్పకు. ఎప్పుడైనా తప్పు చేశావా లేదా?"

బిందు పోయిన ఏడాది ల్యాబులో రెండు సీసాల లేబుళ్ళు మార్చేసిన సంగతి చెప్పింది. రాత్రంతా కుమిలి, పొద్దున్నే ప్రొఫెసరు గది ముందు నిలబడి, మళ్ళీ పరీక్షలన్నీ మొదటి నుంచి చేసిన సంగతి చెప్పింది. చెబుతుంటే మాట ఎక్కడా ఆగలేదు.

"అదీ! ఆ పిల్లని నేనైతే ఉద్యోగంలోకి తీసుకుంటాను," అంది లీల.

ఐదు వారాలు గడిచాయి. ఆగస్టులో నీళ్ళు పరీక్ష చేసే ఒక ల్యాబు నుంచి పిలుపొచ్చింది. ఈసారి ఎదురుగా మనుషులే ఉన్నారు, ముగ్గురు. వారం తిరక్కుండానే ఉత్తరం వచ్చింది. ఆ "అన్‌ఫార్చునేట్‌లీ" కోసం వెతికింది బిందు. రెండుసార్లు వెతికింది. లేదు.

ఆ సాయంత్రం లీలకి నైట్ షిఫ్టు, లైటు వెలగలేదు. అందుకని బిందు మెట్టు దగ్గర ఆగకుండా ఇంటికి పరుగెత్తింది. ఎవరికైనా చెప్పాలి! వంటింట్లో అఖిల్ ఒక్కడే నిలబడి మ్యాగీ తింటున్నాడు. ఆమె నోరు తెరిచేలోపు అతనే అందుకున్నాడు.

"అక్కా, నువ్వు రోజూ గా వీధిలకెల్లే వస్తవు గదా? జర పైలం. గా ఇంటికాడ ఇప్పుడు ఇంకో దెయ్యం తిరుగుతాంది."

"ఇంకోటా?"

"పోయిన వారం నా కండ్లతోని చూసిన. వాన పడుతాంది. మెట్టు మీద ఒక పోరి కూసున్నది. నల్ల జాకెట్, తల మీద టోపీ. మొఖం కనబడ్తలేదు. దానికదే ఇంగ్లీషుల మాట్లాడుతాంది, చేతులు ఊపుకుంట. ఎదురుంగ ఎవ్వలు లేరు!"

బిందుకి నవ్వు ఆగలేదు. ఎన్ని నెలలైందో అలా పగలబడి నవ్వి. వంటగట్టు పట్టుకుని, కళ్ళు తుడుచుకుని, "ఒరేయ్ అఖిల్, అది దెయ్యం కాదురా. నేను," అంది. కెమెరా సంగతి, లీల సంగతి, ఉద్యోగం సంగతి అన్నీ చెప్పింది.

అఖిల్ నవ్వలేదు.

గిన్నె కింద పెట్టాడు.

"నువ్వేనా అక్కా? మరి... నీ పక్కన నిలబడ్డాయన ఎవలు?"

"ఎవరు?"

"పెద్దాయన. కండ్లద్దాలు పెట్టుకున్నడు. గొడుగు నీ మీదికి వంచి పట్టిండు... ఆయన మొత్తం తడుస్తనే ఉన్నడు."

బిందు తన జాకెట్ కేసి చూసుకుంది.

బిందుకి అప్పుడు తట్టింది. ఆ వసారా కప్పు మూరెడు కూడా ఉండదు. వాన ఏటవాలుగా మెట్టు మీదకే కొడుతుంది. ఆ ఐదు వారాల్లో ఎన్ని వానలు! ఒళ్ళో పెట్టుకున్న కాగితాల మీద ఒక్క చుక్క పడలేదు... ఎందుకు పడలేదని ఒక్కసారి కూడా అనుకోలేదు.

గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఉద్యోగం వచ్చిందని లీలకి మెసేజ్ పెట్టింది. అఖిల్ చెప్పింది రాసింది, చెరిపేసింది. మళ్ళీ రాసింది. "ఆంటీ, కెమెరాలో మీకెప్పుడైనా నా పక్కన ఎవరైనా కనబడ్డారా?" అని కూడా అడిగింది. కళ్ళు మూసుకుని పంపేసింది.

అరగంటకి జవాబు వచ్చింది.

"నాకు నువ్వొక్కదానివే కనబడేదానివి."

కాసేపటికి ఇంకొకటి.

"గొడుగు ఏ చేత్తో పట్టుకున్నాడో ఆ అబ్బాయిని అడుగుతావా?"

బిందు వెళ్ళి అడిగింది. అఖిల్ కళ్ళు మూసుకుని ఆలోచించి, తన ఎడమచెయ్యి పైకెత్తి చూపించాడు.

బిందు ఆ ఒక్క మాటే రాసి పంపింది. అవతల టైపు చేస్తున్నట్టు మూడు చుక్కలు వచ్చాయి... పోయాయి... మళ్ళీ వచ్చాయి.

"రేపటి ఫ్లైటు బుక్ చేశాను. ఇంటికి వచ్చేస్తున్నాను. పొద్దున్న నువ్వు బస్సుకి వెళ్తూ ఆ మెట్టు దగ్గర ఒక్క క్షణం ఆగి ఆయనతో చెప్పు తల్లీ... లీల వస్తోందని."