ఆదివారం వంట

చర్చి నిండా ఖాళీ చాపలే! జయ గుమ్మంలో నిలబడి దారి వైపు చూసి చూసి, చివరికి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. దంతెవాడ నుంచి పరీక్షకులు సోమారు గారు నిన్న సాయంత్రమే మద్దేడ్‌లో బస్సు దిగి, వీళ్లింట్లోనే బస చేశారు. సెమినరీలో జయ చేస్తున్న వేదాంత డాక్టరేట్‌కు సిద్ధాంత గ్రంథం ఒక్కటే చాలదు. బోధనా శిక్షణ కూడా పూర్తి చేయాలి... సొంత ఊరివాళ్లకు పాఠం చెబుతుంటే పరీక్షకులు కూర్చుని చూడాలి. గ్రంథానికి ఆమోదం వచ్చింది. మిగిలింది ఈ పాఠమే. వినేవాళ్లు లేకపోతే అది లెక్కలోకి రాదు. మళ్లీ అవకాశం వచ్చే ఏడాదే!

తప్పు ఎవరిదని అనాలి? ఇది ఇప్పపువ్వు రాలే కాలం. పొద్దున్నే ఏరుకోకపోతే మేకలు తినేస్తాయి. ఇప్పచెట్టుకు ఆదివారమని తెలియదు కదా... తేదీ ఖాయం చేసేటప్పుడు జయకే తట్టలేదు. ఈ ఊరి కోడలై ఉండి!

అత్తగారు సోమమ్మ గంప చంకన పెట్టుకుని అటుగా వచ్చింది. కోడలు హాస్టలుకు వెళ్లిన నాటి నుంచి ఆమె మాటలు తగ్గించేసింది. ఇల్లూ, పొలమూ, మనవరాలూ ఆమె మీదే పడ్డాయి మరి. అయినా జయ సెలవులకు వచ్చి చదువుకుంటుంటే, కిటికీ దగ్గర అరిచే కోళ్లను మెల్లగా అవతలికి తోలేది. ఎందుకని అడిగితే, గింజలు తింటున్నాయని బుకాయించేది.

"ఏడిస్తే వస్తరా వాళ్లు? చెట్ల కిందికి పా. పువ్వేరుకుంట వింటరు," అంది సోమమ్మ.

సోమారు గారు తన చాప తానే చుట్టుకుని బయల్దేరారు.

పాఠం విశ్రాంతి దినం గురించి. జయ చెట్ల మధ్య నడుస్తూ, యజమానికే కాదు, పనివాడికీ పశువుకీ కూడా దేవుడు ఒక రోజు విశ్రాంతి ఇచ్చాడని చెబుతోంది. ఆడవాళ్ల చేతులు పువ్వుల మీద, చెవులు ఆమె మీద... అప్పుడు సోమమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"ఎడ్లకు గూడ విశ్రాంతంటివి. మంచిదే. మరి ఆ రోజు వంట ఎవరు చేయాలె?"

అందరూ గొల్లున నవ్వారు. సోమమ్మ నవ్వలేదు. జయకు ఎన్ని పుస్తకాలు తిరగేసినా ఈ ప్రశ్న ఎదురుపడలేదు! ఏదో ఒకటి చెప్పి దాటేయవచ్చు. పరీక్షకులు చూస్తున్నారు కూడా...

"నాకు తెల్వదు అత్తమ్మా. నేను చదువుకున్న ఆదివారాలన్నీ మీరే వండిండ్రు. నేను తిని లేచిన. ఒక్కనాడన్న ఈ మాట అడగలే."

సోమమ్మ ముఖం తిప్పుకుంది. జయ కళ్లు తుడుచుకుని, మీ ఇళ్లలో ఎలా జరుగుతోందని మిగతావాళ్లను అడిగింది. ఇక చూడాలి సందడి! జ్వరంలోనూ తానే వండానని ఒకామె, తన మొగుడికి ఉప్పుడబ్బా ఎక్కడుంటుందో తెలియదని మరొకామె. జయ భర్త భూషణం అప్పుడే మంచినీళ్ల బిందెతో వచ్చాడు.

"ఏందన్నా, నీకన్న తెలుసునా పొయ్యి యాడుంటదో?" అంది పక్కింటి దుర్గాభవాని.

అతను బిందె దించి, తల గోక్కుని, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

పాఠం ముగిసి ఇంటికి వచ్చేసరికి వంటింట్లోంచి పొగ! భూషణం ఎర్రబడ్డ కళ్లతో అన్నం వార్చే ప్రయత్నంలో ఉన్నాడు. అది వార్చే దశ దాటి ముద్దయిపోయింది.

"తెలియదని చెప్పగలిగిన టీచరు దగ్గరే మనుషులు నోరు విప్పుతారు. మీ పాఠం పూర్తయిందమ్మా, మళ్లీ నేను రానక్కర్లేదు," అన్నారు సోమారు గారు కాళ్లు కడుక్కుంటూ.

జయ చేతులు జోడించింది. తర్వాత పీట వాల్చి, మొదటి విస్తరి అత్తగారి ముందే వేసింది. సోమమ్మ కూర్చోవడానికి తటపటాయించి, చివరికి కూర్చుంది. భూషణం వడ్డించిన అన్నం, పప్పు కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. ముగ్గురూ ఆమె వైపే చూస్తున్నారు...

"వచ్చే ఆదివారం పప్పుల ఉప్పెయ్యి బిడ్డా," అంది కొడుకుతో.

భూషణం చేతిలో గరిటె ఆగిపోయింది. జయ పక్కుమని నవ్వింది, కన్నీళ్లతోనే. సోమమ్మ మాత్రం ఏమీ ఎరగనట్టు, ఇంకొంచెం పప్పు వేయమని విస్తరి ముందుకు జరిపింది.