రెండో గిన్నె

“చెత్త. కథే లేదు,” అంది విశాలాక్షి, ముందున్న ఏనుగు బొమ్మను పక్కకు నెట్టి టీ ఊదుకుంటూ. ఆమె మెడలో వేలాడే నయవాణి యంత్రం ఒక్కసారి వెచ్చబడింది. అవతల ఊళ్లో ఉన్న చిత్రకారుడికి మాత్రం ఆమె గొంతుతోనే వేరే మాట చేరింది: ‘రంగులు హాయిగా ఉన్నాయి. ఏనుగు ఎటు చూస్తోందో తెలిస్తే, కథ ఎటు వెళ్తోందో పిల్లలకు తెలుస్తుంది.’

నయవాణి వచ్చాక విశాఖ ప్రచురణ సంస్థల్లో ఏడుపులు, అలకలు మాయమయ్యాయి. అది మాటను మెత్తబరుస్తుందని మాత్రమే చిత్రకారుల నమ్మకం. నిజానికి సంపాదకులు పెదవి విరిస్తే చాలు, బొమ్మను తనే పరిశీలించి, సవరణను తనే వెతికి చెప్పేది. పిల్లల బొమ్మల కథలకు సంపాదకురాలైన విశాలాక్షి బొమ్మలను చూడడం ఎప్పుడో మానేసింది.

మధ్యాహ్నం భీమిలి నుంచి నూకరత్నం వచ్చింది. రెండేళ్లుగా బొమ్మలు పంపుతున్న ఆ అమ్మాయిని ఎదురుగా చూడడం ఇదే మొదలు.

“మేడమ్, నాన్న కోసం ఒడ్డున కూర్చున్న పిల్ల బొమ్మ గుర్తుందాండీ? పక్కన రెండో అన్నం గిన్నె పెట్టమన్నారు. అది పెట్టాకే కదండీ, పిల్ల ఎదురుచూస్తోందని తెలిసింది! నా బొమ్మను అంత దగ్గరగా చూసినోళ్లు ఇంకెవరూ లేరండి.”

విశాలాక్షికి ఆ బొమ్మే గుర్తులేదు. ఆ రోజు తను అన్నది ‘నస’ అన్న ఒక్క ముక్కే అయి ఉంటుంది.

రత్నం ఆ కథ ఆఖరి పేజీని బల్ల మీద పరిచింది. “ఇది కుదరకపోతే ఈ పుస్తకం ఇక వదిలేస్తానండి. మెడలోని ఆ యంత్రం తీసేసి, మెత్తబరచకుండా మీ నోటితో చెప్పండి.”

నయవాణి తీశాక మెడ బోసిగా అనిపించింది. బొమ్మలో నిద్రపోతున్న పిల్ల, దీపం, వల. విశాలాక్షి ఎంత చూసినా ఏమీ తట్టలేదు.

“బాగుంది,” అంది.

రత్నం మొహం పాలిపోయింది. మెచ్చుకోలు వెంట సవరణ రాని రోజును ఆమె ఎరగదు. “అంత ఘోరంగా ఉందాండీ?” అంటూ పేజీని వెనక్కి తీసుకోబోయింది.

విశాలాక్షి చప్పున దానిమీద చెయ్యి వేసింది. “ఆగమ్మా. తప్పు బొమ్మది కాదు. ఆ గిన్నె మాట నాది కాదు, యంత్రానిది. నేను ఆ రోజు సరిగ్గా చూడనైనా లేదు.” పేజీని రత్నం వైపు తిప్పింది. “ఇందులో నాకేం కనపడలేదో నువ్వే చెప్పు.”

రత్నం పేజీ మీంచి చెయ్యి తీసేసింది. ఇన్నాళ్లూ తను దాచుకున్న మాటలన్నీ ఎవరివో ఇప్పుడు తెలిసింది మరి. చివరికి బొమ్మ మూలకు వేలు పెట్టింది. అక్కడ గడప పక్కన కడిగి బోర్లించిన గిన్నెలు రెండు ఉన్నాయి.

“నాన్న వచ్చేశాడండి,” అంది, తలెత్తకుండా.