మెడిసిన్ వార్డులో మంచం

“ఆపరేషన్ వార్డుల మంచాలు లెవ్వంట! అత్తమ్మను నేల మీద పండవెడ్తనా నేను?”

రాజక్క భర్త కనకరాజు గింజుకుంటున్నాడు. ఆసుపత్రి వరండాలో స్ట్రెచర్ మీద రాజక్క తల్లి గౌరమ్మ, ఉబ్బిన కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోతోంది… మంచినీళ్ళు తాగినా నిలవడం లేదు. పేగు అడ్డుపడినట్టుంది, నేలైనా సరే ఆపరేషన్ డాక్టర్ల దగ్గరే చేర్చండి అని పరీక్షించిన డాక్టరమ్మ మరాఠీలో చెప్పనే చెప్పింది. రాజక్క విన్నది కూడా!

కానీ కనకరాజు ఊరుకునే మనిషా? తాను పనిచేసే పద్మాపూర్ గనిలో అతనికి తెలియనివాళ్ళు లేరు. ఎక్కడికెళ్ళినా ఓళక్, అదే పరిచయం, ఉండాలి, మనవాళ్ళు లేనిదే పని కాదని అతని నమ్మకం. మెడిసిన్ వార్డులో పనిచేసే పోశం అతనికి దూరపు చుట్టం. పోశం చేత చెప్పించి, గ్యాస్ నొప్పేనని తానూ దబాయించి, కిటికీ పక్క మంచం సంపాదించాడు. తల్లి లేని అతనికి అత్తగారే తల్లి మరి!

మంచం మెత్తగానే ఉంది. సెలైన్ ఎక్కుతూనే ఉంది. మెడిసిన్ డాక్టర్లు మందులిచ్చి, రెండు రోజులు ఎదురుచూసి, చివరికి ఆపరేషన్ డాక్టర్లకు కబురు పెట్టారు. వాళ్ళు వచ్చి చూసేసరికి లోపల పేగు నల్లబడిపోయింది.

“అల్లున్ని ఏమనకు బిడ్డా… నన్ను కింద పండనియ్యలే,” అన్నది గౌరమ్మ, థియేటర్లోకి తీసుకుపోతుంటే. ఆమె మళ్ళీ మాట్లాడలేదు.

తెలంగాణ వచ్చిన ఏడాది అది. దినానికి మంచిర్యాల నుంచి వచ్చిన చుట్టాలు పంక్తిలో కూర్చుని కొత్త రాష్ట్రం ముచ్చట్లే చెప్పుకుంటున్నారు. రాజక్క వడ్డిస్తోంది. కళ్ళలో చుక్క నీరు లేదు.

“కడుపున పుట్టిన కొడుకు గూడ గట్ల చూడడు! ఎవరెవరినో పట్టుకొని మంచం ఇప్పిచ్చిండంట గద!” అన్నది పినతల్లి రుక్కమ్మ.

కనకరాజు చేతిలోని ముద్ద విస్తట్లోకి జారిపోయింది. “నేల మీదుంటే బతుకుతుండె చిన్నత్తా… నేనే…”

అందరూ రాజక్క వైపు చూశారు. చెప్పేయాలనే ఉంది ఆమెకు… డాక్టరమ్మ ఆపరేషన్ వార్డులోనే చేర్చమన్నదని, తాను విని కూడా నోరు విప్పలేదని, ఈ మనిషిని జన్మలో క్షమించలేనేమోనని!

“అమ్మకు గంతే రాసిపెట్టి ఉన్నది చిన్నమ్మా. ఈన చెయ్యవట్టే గన్ని దినాలన్న ఉన్నది,” అన్నది. భర్త విస్తట్లో ఇంకొంచెం పప్పు వేసింది. “తినయ్యా…”

అతను వెక్కి వెక్కి ఏడుస్తూ తిన్నాడు. రాజక్క రెండో పంక్తికి విస్తళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళింది.