డబ్బాలో రంగు మారిన పొడి

"మా అమ్మాయి చెయ్యి తీసేస్తారేమోనండీ!" చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోంచే అందా తల్లి.

డిటెక్టివ్ మేడం కుర్చీ చూపించింది. అసిస్టెంటు మంచినీళ్ళిస్తే, "కాచినవేనా నాయనా?" అని అడిగి, గ్లాసు పక్కన పెట్టేసింది.

కూతురు పుస్తకాల బైండింగ్ చేస్తుంది. కాగితాలు కోసే బ్లేడు అరచేతిలో దిగింది. తల్లి తోటికోడలు మూలికలు ఉడకబెట్టి, నీడన ఆరబెట్టి, మెత్తగా దంచి గాయాల పొడి అమ్ముతుంది. డాక్టరు సరేనన్నాకే ఆ పొడి వాడారు. మొదటి వారం నర్సు వచ్చి కట్టు కట్టేది, గాయం చక్కగా మూసుకుంది. రెండో డబ్బా నుంచి తల్లే కట్టసాగింది. గాయం ఎర్రబడి మళ్ళీ విచ్చుకుంది. "ఇందులో ఏం కలిపావే?" అని తల్లి నలుగురిలో అనేసింది. తోటికోడలు అప్పుడే కొట్టు మూసేసింది. పదిరోజులుగా మాట లేదు.

మేడం తల్లి ఇల్లూ, తోటికోడలి కొట్టూ చూసింది. తల్లి దగ్గరి డబ్బాలో పొడి గోధుమరంగు, గరుకు, పొగ వాసన. కొట్టులో, ఆ డబ్బాతో పాటే దంచినది లేతాకుపచ్చ, మెత్తన.

"ఎవరో మార్చేశారు మేడం!" అన్నాడు అసిస్టెంటు.

"ఎవరంటావ్?"

"అది మీరు చెప్తారనేగా మీ వెంట తిరుగుతున్నది!"

మేడం నవ్వి, తల్లి వంటగదిలో బోర్లించిన మూకుడు తిప్పి చూసింది. అంచున ఆకుపచ్చ పొడి అంటుకుని ఉంది. పొయ్యి మీద చెంచాలు, కట్టుగుడ్డలు కుతకుతలాడుతున్నాయి.

మర్నాడు అందరినీ ముందుగదిలో కూర్చోబెట్టింది.

"పొడిని ఎవరూ మార్చలేదు. మూకుట్లో వేయించారు. నర్సు ఉన్నన్నాళ్ళూ అది పొయ్యి ఎక్కలేదు. అమ్మా, ఈ ఇంట్లో కాచకుండా వదిలే వస్తువేదైనా ఉందా?"

తల్లి మొహం పాలిపోయింది. "పురుగూ పుట్రా ఉంటాయేమోనని... కాస్త వేడి చూపించానండీ. కాస్త... మాడింది."

"నన్నూ ఓసారి కాచి వడగట్టాల్సింది!" అంది కూతురు.

"డాక్టరుకి చూపించాను," అంది మేడం. "మాడిన గరుకు పొడి రాపిడికే గాయం రేగిందట. కడిగేశారు, చేతికేం భయం లేదు."

తల్లి మేడం చేతులు కళ్ళకద్దుకుంది. తర్వాత తోటికోడలి ముందు నేలమీద కూలబడింది.

"చెల్లీ, నా పిల్ల చేతిని నిలబెట్టింది నీ పొడే. దాన్ని మాడ్చి, నింద నీమీద వేశాను. ఈ జన్మకి నీ మేలు మరచిపోను. ఒక్కమాట మాట్లాడవే."



తోటికోడలు సంచిలోంచి కొత్త డబ్బా తీసింది. తల్లి చెయ్యి చాచినా ఇవ్వలేదు. కూతురి ఒళ్ళో పెట్టింది.

"దీన్ని పొయ్యి ఛాయలకి తీసుకెళ్ళావో, ఊరుకోనక్కా!"