పెట్టెలో పిలుపు

ఆసుపత్రిలో నేలకి దిగువన ఉన్న అంతస్తులో, మందుల గోదాము పక్కన ఉంటుంది నా గది. కిటికీ లేదు. బయట ఎండో వానో తెలియాలంటే వచ్చినవాళ్ల చెప్పులు చూడాలి. అక్కడ కూర్చుని జనానికి వినికిడి పరీక్షలు చేయడం నా ఉద్యోగం.

నా గదిలోనే ఇంకో చిన్న గది ఉంది. దాన్ని మేమంతా పెట్టె అంటాం. లోపల గోడలనిండా మందపాటి నల్ల స్పాంజి, గట్టిగా తోస్తే గానీ కదలనంత బరువైన తలుపు, నేను లోపలికి చూడటానికి ఒక గాజు పలక. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక బటన్ ఇస్తాను. సన్నగా ‘కుయ్’మని వినబడగానే నొక్కాలి. నొక్కితే బయట నా మిషన్ మీద చిన్న పచ్చ దీపం వెలుగుతుంది. మధ్యమధ్యలో నేను ఏ శబ్దమూ పంపకుండా ఊరుకుంటాను. అప్పుడు కూడా నొక్కేవాళ్లుంటారు, పరీక్ష తప్పుతామేమోనని భయపడే రకం. "పెద్దాయనా, నేనింకా మొదలే పెట్టలేదు" అంటే సిగ్గుపడి నవ్వేస్తారు.

పెట్టెలో ఉండే నిశ్శబ్దం అందరికీ పడదు. తలుపు మూసిన కాసేపటికి ఎవరి గుండె చప్పుడు వాళ్లకే వినబడుతుంది. మెడ తిప్పితే లోపల ఎముకలు కిర్రుమంటాయి. పాత స్పాంజి వాసనా, అంతకుముందు కూర్చుని వెళ్లినవాళ్ల తలనూనె వాసనా కలిసి ముక్కుకి పట్టేస్తాయి. నాకు మాత్రం అలవాటే. అమ్మ పోయాక నా ఇల్లు కూడా పెట్టెలాగే తయారైంది. గాజు పలక లేదంతే. ఇక పెళ్లి సంగతంటారా, అడిగినవాళ్లందరికీ చెవులు బాగానే ఉన్నాయి గానీ నేను చెప్పిన జవాబు మాత్రం ఒక్కరికీ వినబడలేదు.

ఆ రోజు సాయంత్రం, రోగులంతా వెళ్లిపోయాక, మా మరదలు నా తమ్ముణ్ని వెంటబెట్టుకుని వచ్చింది.

"వదినా, ఈయనకి చెవులు పోయాయి" అంది, ఇంకా కూర్చోకముందే. "పక్కన నిలబడి పిలిచినా పలకరు. అన్నానికి రమ్మంటే రారు. పాప వచ్చి చెయ్యి పట్టుకుని గుంజితే తప్ప దానివైపు చూడరు. ఆ ప్రెస్సులో అన్నేళ్లు మోత మధ్య నిలబడితే చెవులు మిగులుతాయా చెప్పు."

ఆమె అనుకోవడంలో తప్పేం లేదు. వాడు అచ్చు మిషన్ల దగ్గర పనిచేశాడు. ఆ మోతలో అరిచి మాట్లాడడం అలవాటై, ఇంట్లో ఉప్పు అడిగినా వీధి చివరికి వినబడేది. ప్రెస్సు మూసేశాక గొంతు తగ్గింది. తర్వాత మాటలు తగ్గాయి. ఆ తర్వాత తిండి. ఇప్పుడు వాడి ఒంటి మీద వాడి చొక్కాయే ఎరువు తెచ్చుకున్నదానిలా వేలాడుతోంది.

"ఏరా, నిద్రపోతున్నావా అసలు?" అన్నాను.

వాడు నావైపు చూశాడు. చాలా దూరంలో ఉన్న మనిషిని ఆనవాలు పట్టడానికి చూసినట్టు చూశాడు.

నాకు నాన్న గుర్తొచ్చాడు. చివరి రోజుల్లో ఆయనా ఇలాగే పలికేవాడు కాదు. చెవుడే అనుకుని చెవి మిషన్ కొనిపెట్టాం. దాన్ని జేబులో వేసుకుని రోజంతా వరండాలో కూర్చునేవాడు. కుర్చీ చేతి మీద బొటనవేలితో నొక్కేవాడు, ఆగేవాడు, మళ్లీ నొక్కేవాడు. ఉన్నట్టుండి "ఊఁ... వస్తున్నా" అనేవాడు, ఎవరూ పిలవకుండానే. ఒకరోజు అలాగే "వస్తున్నా" అంటూ లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా గేటు తెరుచుకుని వెళ్లాడు. మళ్లీ ఇంటికి రాలేదు.

తమ్ముణ్ని పెట్టెలో కూర్చోబెట్టి తలుపు మూశాను. మరదలు బయట నడవాలో బల్ల మీద కూర్చుంది.

ముందు కుడి చెవి. పెద్ద శబ్దంతో మొదలుపెట్టాను. నొక్కాడు. తగ్గించాను. నొక్కాడు. ఇంకా తగ్గించాను. మామూలు మనిషికి దొరకనంత సన్నటి శబ్దానికి కూడా పచ్చ దీపం వెలిగింది. ఎడమ చెవీ అంతే. ప్రెస్సు మోత వాడి చెవుల్ని తాకనైనా లేదు.

ఈ మాట మరదలితో ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ మిషన్ మీద నుంచి చెయ్యి తీశాను.

పచ్చ దీపం వెలిగింది.

నేను ఏ శబ్దమూ పంపలేదు. పొరపాటున నొక్కాడనుకున్నాను. దీపం ఆరింది. కాసేపాగి మళ్లీ వెలిగింది... ఆరింది... వెలిగింది. నొక్కడం, ఆగడం, నొక్కడం. ఆ లయ నాకు తెలుసు. వరండాలో కుర్చీ చేతి మీద నేను చూసిన లయే అది.

మైకులో మెల్లగా అడిగాను. "ఏం వినబడుతోందిరా?"

"నువ్వే కదా" అన్నాడు. ఎన్నాళ్లకో వాడి గొంతు విన్నాను. "పిలుస్తున్నావుగా."

"నేను పిలవలేదు."

"పిలుస్తున్నావు. ఇంట్లో కూడా నువ్వే పిలుస్తావు. లేచి వెతికితే ఉండవు." చేతిలోని బటన్ వైపు చూశాడు. "అందుకే ఎవరు పిలిచినా పలకట్లేదక్కా. ఏది నిజమో తెలీక."

గాజులోంచి చూస్తే వాడు నావైపు చూడటం లేదు. తల వెనక్కి తిప్పి, చెవులు రిక్కించి వింటున్నాడు. నేను పెదవి విప్పలేదు. స్పీకర్లోంచి వాడి ఊపిరి ఒక్కటే వినబడుతోంది...

"ఊఁ" అన్నాడు వాడు. "వస్తున్నా."



వాడు లేచాడు. హెడ్‌ఫోన్లు తీశాడు. బటన్ కుర్చీలో పెట్టాడు. తలుపు వైపు రాలేదు. వెనక గోడ దగ్గరికి నడిచి, రెండు అరచేతులూ స్పాంజికి ఆనించి తడమసాగాడు. పైన... కింద... మూలల్లో. గడియ కోసం వెతుకుతున్నట్టు.

ఆ గోడ అవతల ఏముందో నాకు తెలుసు. మట్టి.

లేచి తలుపు లాగాను. రాలేదు. నా పక్కనే మిషన్ మీద పచ్చ దీపం వెలుగుతోంది. వాడి రెండు చేతులూ గోడ మీదే ఉన్నాయి. బటన్ కుర్చీలో ఉంది. ముట్టుకున్నవాళ్లు లేరు. దీపం మాత్రం ఆరుతోంది... వెలుగుతోంది...

ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి గుంజితే తలుపు వచ్చింది. లోపల గాలి చల్లగా ఉంది. పచ్చి మన్ను వాసన వేసింది. "ఒరేయ్" అన్నాను. తిరగలేదు. నా గొంతు వాడికి లెక్కలోకి రాలేదు. వస్తే మాత్రం ఎలా నమ్ముతాడు, ఇందాకటి నుంచీ వాడు వింటున్నది నా గొంతే కదా.

నోరు మూసుకుని వెళ్లి వాడి భుజం పట్టుకున్నాను. చెయ్యి పట్టుకుని నా చెంప మీద పెట్టుకున్నాను. చిన్నప్పుడు కరెంటు పోతే ఇలాగే నా మొహం తడిమి చూసుకుని గానీ పడుకునేవాడు కాదు. వాడి వేళ్లు నా ముక్కు మీదా, కళ్లజోడు మీదా కదిలాయి. వాడు నా మీదకి వాలిపోయాడు.

"ఇటు నుంచే కదా పిలిచావు" అన్నాడు, ఏడుస్తూ.

"లేదురా. నేను ఇటున్నాను."

బయటికి తీసుకొచ్చాక మరదలికి చెప్పాను, వాడి చెవులు మన అందరి చెవులకన్నా బాగున్నాయని. ఆమె మొహం మాడిపోయింది. "అంటే... కావాలనే పలకట్లేదా?"

"కావాలని కాదు. పద, పైకెళ్దాం."

మా ఆసుపత్రి మూడో అంతస్తులో మనసు డాక్టరమ్మ కూర్చుంటారు. ఆమె దగ్గరికి వెళ్లేవాళ్లు లిఫ్టులో రెండు నొక్కి, మిగతా మెట్లు ఎక్కి వెళ్తారు, ఎవరైనా చూస్తారేమోనని. మేం కూడా రెండే నొక్కాం.

డాక్టరమ్మ ఓపిగ్గా విన్నారు. గొంతు వినబడుతోందంటే అస్సలు తేలిగ్గా తీసుకోకూడదన్నారు. కొన్నాళ్లు వాడి పక్కన ఎవరో ఒకరు ఉండాలనీ, ఏ వేళయినా సరే తనకి ఫోన్ చేయమనీ చెప్పారు. మరదలు చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, "నావల్లేనా? విసుక్కునేదాన్ని" అని అడిగింది.

"ఎవరివల్లా కాదమ్మా. దీనికి ఒకటే కారణమని వేలెత్తి చూపించలేం. కొంత పుట్టుకతో వస్తుంది, కొంత బతుకు తెచ్చిపెడుతుంది. మీ మామగారికి ఉండి ఉంటే ఈయనకి రావాలని లేదు, వచ్చే వీలు మాత్రం కాస్త ఎక్కువ. దానిమీద పని పోవడం, నిద్ర లేకపోవడం, తల్లి పోవడం... ఒక్కొక్కటీ మోయగలిగేదే. అన్నీ కలిస్తే బరువు. ఒక్కోసారి థైరాయిడో, వేరే జబ్బుకి వాడే మందులో కూడా తోడవుతాయి. అందుకే రక్తం కూడా చూద్దాం."

తర్వాత అవే సంగతులు తమ్ముడి నోటనే వినాలని వాణ్ని ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. నేను పక్కనే కూర్చున్నాను. ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఇలా ఉందా అన్నారు. నాన్నకి, అనుకున్నాను. ఈమధ్య దగ్గరివాళ్లెవరైనా పోయారా? అమ్మ. రోజులో ఎండలో ఎంతసేపు ఉంటారు? నా చెప్పులు చూసుకున్నాను. సరదాగా మాట్లాడే మనుషులు ఎవరున్నారు? తమ్ముడు మరదలి వైపు చూపించాడు. నాకు ఎవరి వైపు చూపించాలో తోచలేదు.

"మీరేమైనా చెప్పాలా?" అన్నారు డాక్టరమ్మ, నావైపు తిరిగి.

"నాకేం, నిక్షేపంలా ఉన్నాను" అన్నాను. పచ్చ దీపం సంగతి కూడా చెప్పలేదు.

తమ్ముడు తేరుకోవడానికి చాలా కాలం పట్టింది. మందులు వేసుకున్నాడు, డాక్టరమ్మతో మాట్లాడాడు, పొద్దున్నే పాపని తీసుకుని నడవడం మొదలుపెట్టాడు. మధ్యలో రెండడుగులు వెనక్కి వేశాడు కూడా. ఒకరోజు మరదలు ఫోన్ చేసి, ఏమీ మాట్లాడకుండా ఫోన్ అటు పెట్టింది. "కూరలో ఉప్పేదీ" అని వాడు అరుస్తున్నాడు. ఇద్దరం ఫోన్లోనే ఏడ్చాం. ఆ పిలుపు మళ్లీ వాడికి వినబడలేదని చెప్పింది.

అది ఎటు పోయిందని నేను అడగలేదు.

ఆ తర్వాత ఒక సెలవు రోజు సాయంత్రం. నేను ముందు గదిలో కుర్చీలో కూర్చుని ఉన్నాను. ఎప్పుడు కూర్చున్నానో గుర్తులేదు. చీకటి పడుతోందని తెలుస్తోంది గానీ లేచి లైటు వేయాలనిపించలేదు. పొయ్యి మీద ఏదో మాడిన వాసన... అదీ పట్టించుకోలేదు.

లైటు వెలిగింది. ఎదురుగా తమ్ముడు, చేతిలో నా ఇంటి రెండో తాళంచెవి.

"అక్కా, తలుపు దగ్గర ఎంతసేపటి నుంచి పిలుస్తున్నానో తెలుసా? వినబడలేదా?"

"లేదురా" అన్నాను.

అబద్ధం. వినబడింది. పొద్దుటి నుంచీ వినబడుతూనే ఉంది, అచ్చం వాడి గొంతుతోనే, "అక్కా" అని. మొదట్లో ప్రతిసారీ లేచి తలుపు తీసి చూశాను. ఎవరూ లేరు. అందుకే లేవడం మానేశాను.

వాడు వంటింట్లోకి వెళ్లి, మాడిన గిన్నె దించి, కిటికీలు తెరిచి, రెండు గ్లాసుల్లో టీ పట్టుకొచ్చాడు. నాకెదురుగా కూర్చున్నాడు. కూర్చున్నాక వాడి చూపు నా కుడిచేతి మీద ఆగింది. నేనూ చూసుకున్నాను.

నా బొటనవేలు కుర్చీ చేతి మీద నొక్కుతోంది... ఆగుతోంది... నొక్కుతోంది.

వాడు ముందుకి వంగి నా చేతి మీద తన అరచెయ్యి పెట్టాడు. వేలు ఆగింది.

"రేపు మూడో అంతస్తుకి వెళ్దాం" అన్నాడు. "లిఫ్టులో మూడే నొక్కుదాం. పక్కన నేను కూర్చుంటాలే."

తల ఊపాను. ఎన్నాళ్లుగానో మోస్తున్నదాన్ని ఎవరో ఒక చివర పట్టుకున్నట్టయింది. తల వంచుకుని ఏడ్చాను.

"ఎవరి గొంతుతో పిలుస్తోందక్కా?"

చెబుదామని తల ఎత్తాను. వాడు నా చెయ్యి వదల్లేదు. రెండో చేత్తో గ్లాసు పట్టుకుని టీ తాగుతున్నాడు.

ఆ ప్రశ్న నా వెనక ఉన్న గోడ వైపు నుంచి వచ్చింది.