చెరువుల్ని మింగిన మ్యాప్

"మ్యాప్ అంటే నాకు క్యాబ్ బుక్ చేసుకోవడం వరకే తెలుసు సార్," అన్నాడు ఏజెంట్ సాయిచంద్.

"మిగతాది సోమవారం నుంచి మాదాపూర్‌లో నేర్చుకుంటావు," అన్నాడు చీఫ్ లింగమూర్తి.

లింగమూర్తి ఆఫీసుకు బోర్డు ఉండదు. ఆ రోజు అది ఒక మాల్ సెల్లార్‌లో, ఏసీ వేసి ఉంచిన కారులో ఉంది. ఆయన విషయం క్లుప్తంగా చెప్పాడు. నగరానికి పడమటి వైపు కొత్తగా వరద హెచ్చరిక వ్యవస్థ వస్తోంది. ఎగువన రిజర్వాయర్ గేట్లు ఎత్తితే నీళ్లు ఎటు పోతాయో కంప్యూటర్ మ్యాప్ లెక్కకడుతుంది. అందులో ఎర్రగా కనిపించిన చోట మాత్రమే సైరన్లు మోగుతాయి. ఆ మ్యాప్ ఒక శిక్షణ కేంద్రంలో తయారవుతోంది. వాటర్ రిసోర్సెస్ ఇంజనీర్లు అక్కడ జీఐఎస్ అనే కంప్యూటర్ మ్యాపుల విద్య నేర్చుకుంటూనే దానికి మెరుగులు దిద్దుతున్నారు. దాన్ని పాడు చేయడానికి ఒక విదేశీ ముఠా మనిషిని దించింది. మొదట అనుమానపడ్డ ఇంజనీర్ వెంకటరామయ్య మూసాపేట మెట్రో మెట్ల మీద కూలిపోయాడు. అందరూ గుండెపోటనుకున్నారు. కానీ ఆయన మెడ మీద సూది గుచ్చిన మచ్చ ఉంది.

"సైరన్ మోగదు, జనం కొట్టుకుపోతారు. ఆ తర్వాత ప్రభుత్వం ఏ హెచ్చరిక చేసినా ఎవడూ నమ్మడు. వాళ్లకు కావలసింది అదే."

నార్సింగిలో వాగు పక్కనే సాయిచంద్ అక్క రుక్కమ్మ టిఫిన్ సెంటర్ ఉంది. తల్లి పోయాక అతన్ని పెంచి పెద్ద చేసింది ఆమే. అక్కను వేరే చోటికి మార్చమని అడగాలనిపించింది. మార్చితే ముఠాకు అనుమానం వస్తుందని తెలిసి నోరు మూసుకున్నాడు.

సోమవారం సాయిచంద్ లావు కళ్లద్దాలు, ల్యాప్‌టాప్ బ్యాగు, మెడలో ఐడీ కార్డుతో క్లాసులో కూర్చున్నాడు. ఆ ఐటీ కారిడార్లో అంతకు మించిన మారువేషం ఉండదు. కళ్లద్దాలను ముక్కు మీదికి రెండుసార్లు నొక్కితే లింగమూర్తికి అలారం వెళుతుంది.

రిసెప్షన్ దగ్గర కోఆర్డినేటర్ తేజస్విని ఎదురైంది. ఆమె నడిచి వెళితే కోడింగ్ చేసేవాళ్లు కూడా స్క్రీన్ మీంచి తలెత్తి చూస్తారు. "గొడుగు తెచ్చుకున్నారాండీ?" అని అడిగింది. "వాన వచ్చాక కొంటాను," అన్నాడతను. కోడ్ సరిపోయింది. అక్కడ మన ఏజెంట్ ఆమే.

పాఠం చెప్పే అశ్వినిది కడప. నేలను చిన్న చిన్న గళ్లుగా కోసి, ఒక్కో గడికి ఎత్తు రాస్తే నీటి దారి దానంతటదే తేలుతుందని ఆమె చెప్పింది. మధ్యలో గుంటలుంటే దారి తెగిపోతుంది కాబట్టి సాఫ్ట్‌వేర్‌లో వాటిని పూడ్చే బటన్ ఉంటుంది. పేరు 'ఫిల్'. సాయిచంద్ ఉత్సాహంగా దాన్ని నొక్కేశాడు. క్లాసంతా గొల్లుమంది.

"మన దగ్గర గుంటలన్నీ తప్పులు కావు. సగం చెరువులు. ముందు చెరువులెక్కడున్నాయో చూపే లేయర్ పెట్టు, తర్వాత మిగతావి పూడ్చు," అంది అశ్విని.

చెరువును మింగినవాళ్లు క్లాసంతటికీ ఇరానీ చాయ్ పోయించాలన్నది అక్కడి ఆచారం. అతను పోయించాడు. అక్కడ ఆ చాయ్ పోయించని ట్రైనీ లేడు, రెండోసారి పోయించినవాడూ లేడు.

వారం తిరగకుండానే వాన పట్టుకుంది. ఒక ఉదయం తేజస్విని అతన్ని మెట్ల దగ్గరికి లాగి, ద్రోహి అశ్వినేనని చెప్పింది. అప్పటికే లింగమూర్తి మనుషులు అశ్వినిని విచారణకు తీసుకెళ్లారు. సిస్టమ్‌లో ఉన్నది పాడైన మ్యాప్ అని, అశ్విని మొదట్లో సరిగ్గా చేసిన మ్యాప్ తన దగ్గరుందని అంటూ పెన్ డ్రైవ్ చేతిలో పెట్టింది. గేట్లు ఎత్తేలోగా దాన్ని ఎక్కించాలి.

కంట్రోల్ రూమ్ హైటెక్ సిటీలో ఒక టవర్ పై అంతస్తులో ఉంది. తేజస్విని ఆపరేటర్లను ఏదో మీటింగ్ పేరుతో బయటికి పంపేసింది. సాయిచంద్ ఫైల్ తెరిచాడు. రిజర్వాయర్ నుంచి స్పీకర్‌లో గొంతు వినిపించింది. గేట్లు ఎత్తడానికి అంతా సిద్ధం, సైరన్ల కోసమే ఆగారు.

"పబ్లిష్ నొక్కండి సాయి గారూ, నొక్కితేనే సైరన్లు మోగుతాయి. టైమ్ లేదు," అంది తేజస్విని.

వేలు మౌస్ మీద ఉంది. అలవాటు కొద్దీ అతను అక్క ఉండే చోటు వెతికాడు. నార్సింగి వాగు తెల్లగా ఉంది. తెల్లాపూర్‌లో ఎత్తు మీదున్న విల్లాలు మాత్రం ఎర్రగా మెరుస్తున్నాయి. ఇంకాస్త పైకి చూశాడు. రిజర్వాయర్ కింద గొలుసుకట్టుగా ఉండాల్సిన చెరువుల్లో ఒక్కటీ లేదు. అన్నిటినీ చదునుగా పూడ్చేశారు. నీళ్లు ఇంకో లోయలోకి మళ్లిపోయాయి.

అశ్విని చేసిన మ్యాప్ అయితే చెరువులు లేకుండా ఉండవు. ఆ క్లాసులో కూర్చున్న ఎవరు చేసినా ఉంటాయి. ఇది చెరువంటే ఏమిటో తెలియని దేశంలో తయారైన మ్యాప్.

కళ్లద్దాలను రెండుసార్లు నొక్కాడు. "ఇది అశ్విని గారిది కాదు," అన్నాడు.

తేజస్విని నవ్వు ఆగిపోయింది. ఆమె ఉంగరంలోంచి సన్నని సూది బయటికొచ్చింది. "వెంకటరామయ్య కూడా ఇలాగే కనిపెట్టాడండీ. నొక్కుతారా, నన్నే నొక్కమంటారా?"

సూది మెడ దగ్గరికి వచ్చేసింది. సాయిచంద్ కిందికి జారి, చక్రాల కుర్చీని వెనక్కి తన్నాడు. అది వెళ్లి ఆమె మోకాళ్లకు తగిలింది. ఆమె తూలి పడుతుంటే మణికట్టు పట్టి ఐడీ కార్డు తాడుతో టేబుల్ కాలికి కట్టేశాడు. సైరన్ల కోసం ఇక ఆగలేం, గేట్లు లేస్తున్నాయని స్పీకర్‌లో గొంతు మొదలైంది. సిస్టమ్‌లో ఉన్న అశ్విని మ్యాప్ తెరిచాడు. చెరువులన్నీ ఉన్నాయి. నార్సింగి వాగు నిండా ఎరుపే. పబ్లిష్ నొక్కాడు.

లింగమూర్తి మనుషులు తలుపు తోసుకొచ్చేసరికి వాగు పొడుగునా సైరన్లు మోగుతున్నాయి. అక్క ఫోన్ మోగుతూనే ఉంది గానీ ఎత్తడం లేదు. అతను కిటికీ దగ్గర నిలబడి మళ్లీ మళ్లీ చేశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

చివరికి ఆమె ఎత్తింది. బడి మేడ మీదున్నామని, హోటల్‌లోకి నీళ్లొచ్చినా మనుషులంతా పైకి చేరారని చెప్పింది. "సైరన్ మేం మోగించిందే అక్కా," అని నోరు జారాడతను.

"గా సైరన్ మోగించింది నువ్వేనారా? గవర్నమెంటు కొలువు దొరికిందా ఏంది?"

మూడు దేశాల పాస్‌పోర్టులున్న సాయిచంద్ ఒక్క క్షణం ఆలోచించి, "అవునక్కా," అన్నాడు.

"మంచిగైంది. ఇగ పిల్లను చూస్త."

సూదికి బెదరని మనిషి, దగ్గర్లో ఏదైనా విదేశీ మిషన్ ఉందా సార్ అని లింగమూర్తిని అడిగాడు.