వెర్లీన్ చెప్పని మాట

శనివారం పొద్దున్నే ఒడెస్సా సాల్మన్ చేపతో వడలు వేయిస్తోంది. ఎనభై నాలుగేళ్లొచ్చినా పెనం దగ్గరికి ఇంకొకర్ని రానివ్వదు. వాషింగ్టన్ శివార్లలోని ఆ ఇంట్లో మూడు తరాల నల్లజాతి ఆడవాళ్లు కలిసి తినేది వారానికి ఈ ఒక్క పూటే. కూతురు వెర్లీన్ బల్ల ముందు కూర్చుని దౌత్య శాఖ పంపిన కాగితాలు నాలుగోసారి చదువుతోంది.

శాఖలో కొత్తగా ఓ పెద్ద పదవి పుట్టింది. వైవిధ్య ప్రధానాధికారి. నల్లవాళ్లకూ ఆడవాళ్లకూ ఇన్నేళ్లూ జరిగిన అన్యాయం ఇకమీదట జరగకుండా చూడాలట. ముప్ఫై ఏళ్లు దేశదేశాల్లో పనిచేసిన వెర్లీన్‌కే ఇస్తామన్నారు. సోమవారం ప్రకటన. అందులో వేయడానికి ఆవిడ నవ్వుతున్న ఫొటో కూడా ఎంచి పెట్టారు.

"నీ కింద ఎంతమందే?" అడిగింది ఒడెస్సా.

"ఇద్దరు."

"ఎవర్ని ఏ దేశం పంపాలో తేల్చే సంఘంలో నీకు ఓటుందా?"

"పిలిస్తే వెళ్లి కూర్చోవచ్చట."

"పిలిస్తేనా! పెళ్లి భోజనమా అది? ఆ శాఖలోనే ముప్ఫై ఒక్కేళ్లు టైపు కొట్టాను. ఇలాంటి ఉత్తుత్తి పదవులకు ఎన్ని ఉత్తర్వులు కొట్టానో! థూ, తలుచుకుంటేనే నోరు చేదెక్కుతోంది."

అంతలో తలుపు తోసుకుని వెర్లీన్ కూతురు తలీతా వచ్చింది. ఆ పిల్లదీ అదే శాఖ, ఏడేళ్ల ఉద్యోగం. నైరోబీ పోస్టింగు తనకే అనుకుంటుండగా చేజారిపోయి ఏడాదైంది. సోమవారం రాజీనామా ఇస్తానని ఇంట్లో ముందే చెప్పేసింది.

"నైరోబీ వాళ్లు అప్పట్లో నీకు ఫోన్ చేశారట. నిన్ననే తెలిసింది. ఏం చెప్పావమ్మా?"

వెర్లీన్ చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టింది. ఆ శాఖలో ఓ ఆచారం ఉంది. మనిషిని తీసుకునే ముందు, ఆ మనిషితో పనిచేసిన పాతవాళ్లకు ఫోన్ చేసి ఎలాంటివాళ్లని అడుగుతారు. కాగితం మీద ఒక్క అక్షరం ఉండదు. తిట్టనక్కర్లేదు, 'నేనేమీ చెప్పను' అంటే చాలు, ఆ మనిషి పని అక్కడితో సరి. తలీతా ఓ ఏడాది అమ్మ ఉన్న కార్యాలయంలోనే పనిచేసింది.

"నేనేమీ చెప్పనన్నాను," అంది వెర్లీన్. "కన్నకూతుర్ని పొగిడితే బంధుప్రీతి అంటారని..."

"ఛీ! ఉపకార్యదర్శి వెండల్ తన కొడుకు కోసం నాలుగు దేశాలకు స్వయంగా ఫోన్లు చేసుకున్నాడు. ఒక్కడు నోరెత్తాడా? పొగడొద్దులే, నా కూతురు, ఇంకొకర్ని అడగండి అనొచ్చుగా! 'నేనేమీ చెప్పను' అంటే అక్కడ అర్థమేంటో నీకు తెలీదా?"

"తెలుసు."

"తెలిసీ అన్నావా? అసహ్యమేస్తోందమ్మా. నాకు అన్యాయం చేసినవాళ్ల పేర్లు ఏడాదిగా వెతుక్కుంటున్నాను. నువ్వు అన్యాయాలు ఆపే అధికారివా?"

ఒడెస్సా పొయ్యి కట్టేసింది. "నిజం చెప్పు వెర్లీన్. నువ్వు ఊరుకుంది న్యాయం కోసమా, నీ మంచి పేరు కోసమా?"

వెర్లీన్ ప్లేటు పక్కకు నెట్టింది. "నా పేరు కోసమే," అంది. తన మీద తనకే రోత పుట్టింది. కళ్లు తుడుచుకోకుండానే ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుని పది నిమిషాల్లో ఓ ఉత్తరం టైపు చేసి శాఖకు పంపింది. తర్వాత ఉపకార్యదర్శి వెండల్‌కు ఫోన్ చేసింది.

"సర్, పదవి తీసుకుంటాను. కానీ ఆ సంఘంలో నాకు ఓటు కావాలి. ఇకమీదట ఫోన్ మాటలు చెల్లవు, ఎవరి గురించి ఏమన్నా రాసి సంతకం పెట్టాలి. మొదటి కాగితం నాదే, ఇప్పుడే పంపాను. తలీతా పని మచ్చలేనిదనీ, నేను నోరు మూసుకుని నా కూతురికి ద్రోహం చేశాననీ రాశాను. మీ అబ్బాయి గురించి మీరు చెప్పినవీ అలాగే రాసివ్వండి."

"వెర్లీన్, దీని మీద నేనేమీ చెప్పను," అన్నాడు వెండల్.

ఆవిడకు నవ్వొచ్చింది. "అర్థమైంది సర్. సోమవారం ప్రకటనలోంచి నా ఫొటో తీసేయించండి."

వెర్లీన్ ఫోన్ పెట్టేసింది. తలీతా అమ్మ పక్కన కుర్చీ లాక్కుని ల్యాప్‌టాప్‌లో ఆ ఉత్తరం మొదటినుంచి చివరిదాకా చదివింది. చివర్లో అమ్మ పేరు చూడగానే దుఃఖం ఆగలేదు.

"నాకూ ఒక కాపీ పంపమ్మా."

"ఎందుకే? రాజీనామాకు జత చేస్తావా?"

"రాజీనామానా? ఇవ్వను. సోమవారం దీన్ని పట్టుకుని ఆ సంఘం వాళ్ల గదికి వెళ్తాను. నువ్వూ రా."

వెర్లీన్ కూతురి తల తన భుజానికి ఆనించుకుంది. ఒడెస్సా చల్లారిన వడలు మళ్లీ పెనం మీద వేసింది.